పిన్ కోడ్ గుర్తుంది, ఓటీపీ గుర్తుండదు: బ్యాంకు కౌంటర్లలో కూర్చునేవారికి ఒక బహిరంగ లేఖ

బ్యాంకు కౌంటర్లలో కూర్చునే అమ్మాయిలకూ అబ్బాయిలకూ, బ్యాంకు యాప్‌లు తయారుచేసే ఇంజినీర్లకూ,

నమస్కారం.

నేను 1956లో పుట్టాను. 1978 నుంచి 2016లో రిటైరయ్యేదాకా రైల్వే మెయిల్ సర్వీసులో, విజయవాడ వై డివిజన్‌లో, ఉత్తరాలు సార్టింగ్ చేశాను. ఆర్.ఎం.ఎస్. అంటే మీలో చాలామందికి తెలిసి ఉండదు. మా రోజుల్లో కదిలే రైల్లోనే, తపాలా కోసం విడిగా ఉండే పెట్టెలో, రాత్రంతా నిలబడి ఉత్తరాలు విడదీసేవాళ్ళం. ఎదురుగా గోడ నిండా చిన్న చిన్న గూళ్ళు. ఒక్కో గూడు ఒక్కో ఊరికి. ఎడమ చేతిలో కట్ట పట్టుకుని కుడి చేత్తో ఒక్కో ఉత్తరం తీసి గూట్లో వెయ్యడమే పని. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది కానీ, నేను చేరేనాటికి కూడా చాలామంది దాన్ని రాసేవారు కాదు. 'కొత్తపల్లి' అని రాసి పోస్టు డబ్బాలో వేసేవారు. ఏ కొత్తపల్లి? అది మేం తేల్చుకోవాలి.

ఇప్పుడు నన్ను నిద్రలో లేపి అడగండి. తిరువూరు 521235. తెనాలి 522201. అమలాపురం 533201. పాలకొల్లు 534260. ఒక్కటీ చెరిగిపోలేదు.

మీ ఓటీపీ మాత్రం గుర్తుండదు. అదీ ఆరంకెలే.

మొన్నీమధ్య ఒక మంగళవారం మా బ్రాంచికి వెళ్ళాను. ఏ బ్యాంకో రాయను. వేరే బ్యాంకైతే వేరేగా జరిగేదన్న నమ్మకమూ నాకు లేదు. పాత ఫోను పాడైంది, కొత్తదాంట్లో యాప్ పెట్టుకోవాలి. కౌంటర్లో అమ్మాయి మంచిదే, పాతికేళ్ళుంటాయేమో. అద్దం వెనక కంప్యూటర్ వైపు చూస్తూ, "యాప్ ఓపెన్ చేసి, రిజిస్టర్ కొట్టి, కార్డు లాస్ట్ ఫోర్ డిజిట్స్ ఇచ్చి, ఓటీపీ వస్తుంది, అది కొట్టేసి ఎంపిన్ పెట్టుకోండి తాతగారూ" అంది, ఊపిరి తీసుకోకుండా. పైన టోకెన్ నంబర్లు చదివే గొంతు. పక్కన ఎవరో లోన్ గురించి గొడవ. నాకు 'కార్డు' దాకా అందింది.

ఓటీపీ వచ్చింది. స్క్రీన్ పైన తళుక్కుమని మాయమైంది. మెసేజిల్లోకి వెళ్ళి చూసుకుని, నోట్లో అనుకుంటూ తిరిగొచ్చేసరికి యాప్ మళ్ళీ మొదటికి వెళ్ళిపోయింది. రెండోసారి నాలుగంకెలు కొట్టాక టైమ్ అయిపోయింది. మూడోసారి చివరి రెండూ తారుమారయ్యాయి. 24 గంటలు బ్లాక్. వెనకాల ఒకాయన నాకు వినపడేలా నిట్టూర్చాడు. "రేపు మీ అబ్బాయిని తీసుకురండి తాతగారూ" అంది అమ్మాయి.

సరిగ్గా అప్పుడే పక్కన నిలబడ్డ ఒకాయన ఫారం నింపుతూ, "నూజివీడు పిన్ ఎంతమ్మా?" అని అడిగాడు. అమ్మాయి కంప్యూటర్లో వెతకబోయింది. "521201" అన్నాను. ఆమె వెతికి చూసుకుంది. కరెక్టే. నా వైపు తిరిగి నవ్వి, "సరే తాతగారూ, రేపు మీ అబ్బాయిని తీసుకురండి" అంది మళ్ళీ.

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. క్యూ చివర నిలబడ్డవాళ్ళ మొహాలు కౌంటర్లో కూర్చున్నవాళ్ళ మీద ఎంత బరువు పెడతాయో నాకు తెలుసు. కాకపోతే ఆ పది నిమిషాల్లో నా తలలో ఏం జరుగుతోందో మీకు ఎవరూ చెప్పి ఉండరు. అది చెబుదామనే ఈ ఉత్తరం.

నాకు ఇవన్నీ ఎలా తెలుసంటారా? రెండేళ్ళ క్రితం బాత్రూములో జారి పడితే తలకు ఎమ్మారై తీశారు. రిపోర్టులో దెబ్బలేవీ లేవు కానీ, కింద ఒక లైను ఉంది: వయసుకు తగ్గ సెరిబ్రల్ అట్రోఫీ. అట్రోఫీ అంటే కుంచించుకుపోవడమని మా ఆవిడ ఫోన్లో చూసి, ఆ రాత్రి అన్నం తినలేదు. మా అన్నయ్య కూతురు న్యూరాలజీ చదువుతోంది. దానికి ఫోన్ చేస్తే పకపకా నవ్వి, "బాబాయ్, నీ మోకాలు ఎక్స్‌రే తీసినా వయసుకు తగ్గ అరుగుదల అనే రాస్తారు. చదివి మడిచి లోపల పెట్టు" అంది. తర్వాత పండగకి వచ్చినప్పుడు నాలుగు వ్యాసాలు ప్రింటు తీసి తెచ్చింది. నాకు చదువుకోడానికి బోలెడంత టైముంది కదా.

అరవై దాటాక మనిషి మెదడు ఏటా సుమారు అర శాతం తగ్గుతూ వస్తుందట. జబ్బేమీ లేకపోయినా అంతే. అయితే ఆ తగ్గుదల చూసి, రోజూ లక్షల కణాలు చచ్చిపోతున్నాయని చాలాకాలం అనుకున్నారు. అది తప్పని తర్వాత తేలింది. 1997లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు మెదడు పైపొరలో నాడీకణాల్ని పద్ధతిగా లెక్క కట్టి చూస్తే, 20 ఏళ్ళ నుంచి 90 ఏళ్ళ దాకా మొత్తం కలిపి తేడా పది శాతం దగ్గరే ఆగింది. మరి తగ్గేదేమిటి? కణం ఉంటుంది, దాని కొమ్మలూ రెమ్మలూ పలచబడతాయి. ఒక కణానికీ ఇంకో కణానికీ మధ్య అతుకులు తగ్గుతాయి. వేపచెట్టు ఆకు రాల్చినంత మాత్రాన చెట్టు పోయినట్టు కాదుగా.

అన్ని చోట్లా ఒకేలా తగ్గదు కూడా. కంటి చూపును అందుకునే వెనక భాగం దాదాపు అలాగే ఉంటుంది. ఎక్కువగా తగ్గేది నుదుటి వెనక ఉండే భాగం. నాలుగు పనుల్ని ఒకేసారి పట్టుకోవడం, అక్కర్లేని గోలని వడగట్టడం దాని పని. ఆ తర్వాత హిప్పోక్యాంపస్. కొత్త సంగతి దేన్నయినా లోపలికి తీసుకునేది అదే. మా భాషలో చెప్పాలంటే తేదీ ముద్ర కొట్టే బల్ల. ఎప్పుడో ముద్ర పడి గూట్లోకి చేరిన ఉత్తరానికి ఇక ఆ బల్లతో పెద్దగా పని లేదు. అందుకే తిరువూరు చెక్కు చెదరలేదు. ఇప్పుడే వచ్చిన ఓటీపీకి మాత్రం నేను ముద్ర కొట్టేలోపే మీరు బ్యాగు సీలు వేస్తున్నారు.

ఇక తీగల సంగతి. మెదడులో దూరాలకు వెళ్ళే తీగల మీద మైలిన్ అనే కొవ్వు పూత ఉంటుంది. సిగ్నల్ వేగంగా పరుగెత్తేది దాని వల్లే. ఆ పూత నడివయసు దాకా పెరుగుతూ వచ్చి, అక్కణ్ణుంచి పలచబడుతుంది. దాంతో ప్రతి పనికీ కాస్త ఎక్కువ సేపు పడుతుంది. తిమోతీ సాల్ట్‌హౌస్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద జన్మంతా పనిచేశాడు. వయసుతో తగ్గినట్టు కనిపించే తెలివిలో చాలావరకు నిజానికి తగ్గేది వేగమే అని 1996లో వాదించాడు. మొదటి మెట్టు ఆలస్యమైతే, నాలుగో మెట్టుకి వచ్చేసరికి మొదటి మెట్టులో తెలుసుకున్నది జారిపోతుంది. మీ అమ్మాయి ఒక్క ఊపిరిలో చెప్పిన ఐదు పనుల్లో నేను 'కార్డు' దగ్గరే ఎందుకు ఆగిపోయానో ఇది చదివాక అర్థమైంది.

ఆరంకెలు విని వెంటనే తిరిగి చెప్పమంటే చెబుతాను. ఆ శక్తి వయసుతో పెద్దగా తగ్గదు. ఆ ఆరంకెల్ని నోట్లో పట్టుకుని ఒక కిటికీ మూసి, ఇంకో కిటికీ తెరిచి, పెట్టె ఎక్కడుందో వెతికి, కీబోర్డు పైకి వచ్చేదాకా ఆగి కొట్టమన్నప్పుడే తేడా వస్తుంది. నెమ్మదించేది మోసే శక్తి కాదు, మోస్తూ గుమ్మాలు దాటే శక్తి.

మా ఆవిడ సంగతి చెబుతాను. సంక్రాంతి నెలలో 21 చుక్కల ముగ్గు ఇప్పటికీ పుస్తకం చూడకుండా వేస్తుంది, ఒక్క చుక్క కూడా తప్పదు. అదే మనిషి కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టాలంటే మాత్రం నన్ను టీవీ కట్టేయమంటుంది. పదేళ్ళ క్రితం టీవీ మోగుతూనే ఉండేది, ఫోన్లో వాళ్ళ చెల్లెలు మాట్లాడుతూనే ఉండేది, పప్పు మాత్రం మూడో విజిల్‌కి దిగేది. గోలని వడగట్టే జల్లెడ కన్నాలు కాస్త పెద్దవయ్యాయన్నమాట. మీ బ్రాంచిలో టోకెన్ గొంతు మీకు వినపడదు, అలవాటైపోయింది. నాకు మీ మాట కంటే అదే ముందు వినపడుతుంది.

పేర్లదీ అంతే. మీ మేనేజరు గారి పేరు నోట్లో నానుతుంది కానీ బయటికి రాదు. వయసులో ఉన్నవాళ్ళకీ జరుగుతుంది, మాకు ఎక్కువ, అందులోనూ మనుషుల పేర్లకి ఇంకా ఎక్కువ. పేరు పోలేదు, దారి దొరకడం లేదు, అంతే. బస్సెక్కాక గుర్తొస్తుంది.

ఇంతవరకు తగ్గేవి చెప్పాను. తగ్గనివీ ఉన్నాయి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు. అమెరికాలోని సియాటిల్ నగరంలో వార్నర్ షాయీ అనే ఆయన, వయసుతో తెలివి ఎలా మారుతుందో చూడడానికి ఒక అధ్యయనం మొదలుపెట్టాడు. సరిగ్గా నేను పుట్టిన 1956లోనే! అదే మనుషుల్ని ఏడేళ్ళకోసారి పిలిచి పరీక్షిస్తూ పోయారు. అన్నిటికంటే ముందు తగ్గేది వేగం. మిగతా శక్తుల్లో చాలావరకు అరవై దాకా నిలబడతాయి. మాటల మీద పట్టు ఇంకా ఆలస్యంగా తగ్గుతుంది. పదాల అర్థాలు తెలియడంలో మనిషి శిఖరానికి చేరేది అరవై దాటి డెబ్బైకి దగ్గరపడ్డాకే అని 2015లో ఇంకో పెద్ద అధ్యయనం చెప్పింది. అంటే ఈ ఉత్తరం నేను రాయవలసిన వయసులోనే రాస్తున్నాను!

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది టైపిస్టుల కథ. ఆ సాల్ట్‌హౌసే 1984లో చేశాడు. 19 ఏళ్ళవాళ్ళ నుంచి 72 ఏళ్ళవాళ్ళ దాకా టైపిస్టుల్ని కూర్చోబెట్టాడు. లైటు వెలగ్గానే బటన్ నొక్కమంటే పెద్దవాళ్ళు వెనకబడ్డారు. టైపు కొట్టమంటే మాత్రం కుర్రవాళ్ళతో సమానంగా కొట్టారు. ఎలా? కొడుతున్న అక్షరం కంటే చాలా ముందున్న అక్షరాల మీద వాళ్ళ కన్ను ఉంది. వేలు నెమ్మదించిందని కన్ను ముందుగా బయలుదేరింది.

అది చదివి కాగితాలు పక్కన పెట్టి కాసేపు అలా కూర్చుండిపోయాను. నా చివరి పదేళ్ళ సర్వీసు అదే. చేతిలో ఉత్తరం గూట్లో పడకముందే కన్ను కట్టలో రెండో ఉత్తరం మీదికి వెళ్ళేది. కొత్తగా చేరిన కుర్రాడు చకచకా విసిరేవాడు, నేను నిదానంగా వేసేవాణ్ణి, డ్యూటీ దిగేసరికి ఇద్దరి లెక్కా ఒకటే. తప్పు గూట్లో పడ్డవి మాత్రం నావి తక్కువ. నేనిలా చేస్తున్నానని నాకే తెలియదు.

కాబట్టి మాకు తెలిసిన పని, మాకు తెలిసిన వరస ఉంటే మా మెదడు నెమ్మదిని తనే సర్దుకుంటుంది. మీరు యాప్ రంగు మార్చి, బటన్ ఎడమ నుంచి కుడికి మార్చి, 'కొత్త అనుభవం' అని పండగ చేసుకున్న ప్రతిసారీ మేం పట్టుకున్న వరస తెగిపోతుంది. ఇంజినీరు బాబులూ, దయచేసి ఆ బటన్ని ఉన్నచోటే ఉండనివ్వండి.

ఆ నిట్టూర్పు సంగతి కూడా. ఒకే పరీక్షను 'ఇది ముసలివాళ్ళ మతిమరుపు పరీక్ష' అని చెప్పి పెడితే పెద్దవాళ్ళు తక్కువ చేస్తారనీ, ఆ మాట అనకుండా పెడితే మెరుగ్గా చేస్తారనీ పరిశోధనల్లో తేలింది. మూడోసారి ఓటీపీలో అంకెలు తారుమారు కావడానికి కారణం నా హిప్పోక్యాంపస్ ఒక్కటే కాదు, నా వీపు మీద పడ్డ ఆ నిట్టూర్పు కూడా. టెన్షన్‌లో మీకూ చెయ్యి వణుకుతుంది.

మతి పోవడం వేరు. అది జబ్బు. మన దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని అంచనా, అంటే 88 లక్షల మంది. తక్కువేమీ కాదు. వాళ్ళకు నిజంగానే తోడు కావాలి. కానీ ఆ లెక్కనే ఇటు నుంచి చూడండి: మీ కౌంటర్ ముందుకు వచ్చే నూరుమంది పెద్దవాళ్ళలో తొంభై మందికి పైగా ఆ జబ్బు లేనివాళ్ళే. పాస్‌బుక్ ఎక్కడ పెట్టానో మరిచిపోయి వెతుక్కునేవాడు నాలాంటివాడు. పాస్‌బుక్ చేతిలో పట్టుకుని ఇదేమిటని అడిగే మనిషి కనిపిస్తే, అప్పుడు ఇంటివాళ్ళకి ఫోన్ చేయండి. ఉన్నట్టుండి మతిమరుపు ఎక్కువైతే బీ12, థైరాయిడ్ కూడా చూస్తారు. అవి మందులకు లొంగేవే.

మా వంతు మేం చేస్తూనే ఉన్నాం. 55 నుంచి 80 ఏళ్ళ మధ్యవాళ్ళు 120 మంది మీద అమెరికాలో చేసిన పరీక్ష ఫలితం 2011లో వచ్చింది. వారానికి మూడు రోజులు, 40 నిమిషాలు చురుగ్గా నడిచినవాళ్ళ హిప్పోక్యాంపస్ ఏడాదిలో రెండు శాతం పెరిగింది. నేను బ్యారేజీ వైపు రోజూ నడుస్తాను. మన హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు ఆ జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందట, చదువు రానివాళ్ళలో కూడా. ఉద్యోగం పుణ్యమా అని నాకు హిందీ వచ్చింది, కాస్త ఒరియా కూడా. అదీ వాడుతూనే ఉన్నాను, వాచ్‌మన్ మీద.

అసలు విషయానికి వస్తాను. మా నెమ్మదిలో కొంత తీగల వల్ల, నిజమే. కొంత మాత్రం కావాలని పాటించే జాగ్రత్త. తప్పు చెయ్యకూడదని ఒకటికి రెండుసార్లు చూసుకోవడం. డబ్బు విషయంలో మీకు కావలసింది అదే కదా? కానీ మీ యాప్ మాకు నేర్పుతున్నదేమిటి? గడియారం పరుగెడుతోంది, ఆలోచించకు, కొట్టెయ్. ఇంకా 20 సెకన్లు. 10 సెకన్లు. అయిపోయింది, మళ్ళీ మొదలుపెట్టు.

మా అపార్ట్‌మెంట్లో ఒక పెద్దాయనకు, పోలీసులమని బెదిరించి డబ్బు గుంజే 'డిజిటల్ అరెస్ట్' ఫోను వచ్చింది. చట్టంలో అలాంటి అరెస్టే లేదు. రెండు గంటలు ఆయన్ని ఫోను పెట్టనివ్వలేదు. "వెంటనే పంపాలి, ఎవరికీ చెప్పొద్దు, టైమ్ లేదు." పంపేశాడు. లెక్చరరుగా చేసిన మనిషి. తర్వాత నాతో అన్నాడు: "అరగంట టైమిస్తే నాకు అర్థమయ్యేదే." నిజమే, అర్థమయ్యేదే. దొంగకి కావలసింది మా మతిమరుపు కాదు, మా చేత తొందరగా పని చేయించడం. తొందరపెట్టేవాడు దొంగ అని గుర్తుపట్టమని మీరు పోస్టర్లు అంటిస్తారు. ఆ పోస్టరు కిందే కూర్చుని తొందరపెడతారు. ఇక మేం ఎవర్ని గుర్తుపట్టాలి?

ఓటీపీ ఎక్కువసేపు చెల్లితే దొంగలకే లాభమని మీరంటారు. ఒప్పుకుంటాను. ఓటీపీ గడువు పెంచమని నేను అడగడం లేదు. యాప్ వదిలి మెసేజి చూసుకుని వచ్చేలోపు నేను నింపినదంతా తుడిచెయ్యకండి అంటున్నాను. నింపింది నింపినట్టు ఉంటే ఇంకో ఓటీపీ అడుగుతాను. మూడుసార్లు తప్పితే బ్లాక్ చేస్తారు, సరే. టైమ్ అయిపోవడాన్ని కూడా తప్పుగా లెక్కపెట్టడం ఏం న్యాయం? అంకె తప్పు కొట్టినవాడూ, సరిగ్గానే కొడుతూ ఆలస్యమైనవాడూ ఒకటేనా?

కౌంటర్లో ఉన్నవాళ్ళకి ఇంకా చిన్న మనవి. ఒక్కో మెట్టు చెప్పండి. అది అయ్యాక ఇంకోటి. నా మొహం వైపు చూసి చెప్పండి, సగం మాట మీ పెదాల్ని చూసే తెలుసుకుంటాను. మీరు అడిగాక నేను వెంటనే పలకకపోతే, ప్రశ్నను ఇంకా గట్టిగా, ఇంకోలా అడక్కండి. నేను మొదటి ప్రశ్నకి జవాబు వెతుకుతూ ఉంటాను, మీరు రెండోది వేస్తే రెండూ పోతాయి. మనసులో ఐదు లెక్కపెట్టండి, చాలు. ఒక చిన్న కాగితం మీద నాలుగు మెట్లు రాసిస్తే ఆ కాగితం నా పర్సులో ఏడాది ఉంటుంది, మళ్ళీ మీ దగ్గరికి రాను.

పక్కన మా అబ్బాయి ఉన్నా ప్రశ్న నన్నే అడగండి. "నాన్నగారి సంతకం ఇదేనా?" అని వాణ్ణి అడుగుతారు. సంతకం చేసినవాణ్ణి నేను ఎదురుగానే ఉన్నాను కదా.

సీనియర్ సిటిజన్లకు ప్రత్యేక కౌంటరో, ముందుగా చూసే కౌంటరో ఉండాలనీ, 70 దాటినవారికి కొన్ని సేవలు ఇంటి దగ్గరే అందించాలనీ రిజర్వు బ్యాంకు 2017 నవంబరులోనే చెప్పింది. మా బ్రాంచిలో ఆ బోర్డు ఉంది. బోర్డు కింద కుర్చీ ఉంది. కుర్చీలో ఎప్పుడూ ఒక హెల్మెట్ ఉంటుంది.

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వస్తాను. ఫోన్లో మొహం చూపించి ఇంటి నుంచే ఇవ్వొచ్చని తెలుసు, అది కూడా ప్రయత్నిస్తాను, కుదరకపోతే వస్తాను. సోమవారం కాకుండా, పదకొండు దాటాక, రద్దీ తగ్గాక వస్తాను. కళ్ళజోడు తెచ్చుకుంటాను, చెవి మిషన్ పెట్టుకుంటాను. అబ్బాయి రాడు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సార్టర్
విజయవాడ – 520003